జంట ఊళ్ళో నూట నలభై ఏడో ఇల్లు

పాలమొగ మీదికి తుఫాను వచ్చిపడటం అది నూట ఆరోసారి. ఒక్కసారి కూడా ఒక్క తాటాకు తడవలేదు.

ఎలా తడుస్తుంది, ఆ ఊరు ఉన్నది యంత్రంలో. రాజమహేంద్రవరంలో ఒక పాత బియ్యం గోదామును బాగుచేసి పెట్టిన పరిశోధనశాలలో, గోడంత తెర మీద, మూడు వందల పన్నెండు ఇళ్ళు పసుపు చుక్కలై వెలుగుతుంటాయి. ఇంట్లోవాళ్ళు బయటపడితే ఆ చుక్క ఆరిపోతుంది. తెర ముందు ముగ్గురు మనుషులు టీ గ్లాసులు పట్టుకుని, ఊరంతా ఎప్పుడు చీకటవుతుందా అని చూస్తున్నారు. సంగతి తెలియనివాళ్ళు చూస్తే ఈ ముగ్గురూ ఆ ఊరి మీద పగబట్టారనుకుంటారు.

చుక్కలు గుంపులు గుంపులుగా ఆరిపోయాయి. చివర్లో ఇరవై పైచిలుకు మిగిలాయి.

“తొంభై మూడు శాతం!” అని ఖలీల్ బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు. అతను పరికరాలు చేసే మనిషి. ఈసారి చేసింది ‘పిలుపు’ అనే చిన్న పెట్టె. తుఫాను తీరం దాటడానికి ఆరు గంటల ముందు ఇంట్లో గోడ మీద నుంచి మాట్లాడి, ఎటు వెళ్ళాలో ఎప్పుడు వెళ్ళాలో చెబుతుంది.

“పోయినసారీ తొంభై మూడే, అంతకుముందూ అంతే,” అంది ప్రిసిల్లా. రెండేళ్ళ కింద చేరిన పిల్ల, అంకెలు ఆమె పని. “ఇన్నిసార్లు ఒకే అంకె రావడమేంటి మేడం?”

“పెట్టె బాగుందని అర్థం,” అంది సుభాషిణి నవ్వుతూ. ఆ జట్టుకు పెద్ద ఆమే. నలభై రెండేళ్ళది. జంట ఊరు అనే ఆలోచనా ఆమెదే.

ఆలోచన చెప్పుకుంటే ఇంతే. ఇదివరకు ఏదో ఒక వస్తువు తయారుచేసి జనం మీదికి వదిలేవాళ్ళు. జనం దాన్ని అటకెక్కించాక, ఎక్కడ తప్పు చేశామా అని తల పట్టుకునేవాళ్ళు. అలా కాకుండా ఊళ్ళో ప్రతి మనిషినీ మూడేసి గంటలు కూర్చోబెట్టి అడిగారు. దేనికి భయపడతారు, ఎవరి మాట వింటారు, ఏ విషయంలో అబద్ధమాడతారు, అన్నీ. దాన్నంతా యంత్రంలో పోస్తే ప్రతి మనిషికీ ఒక జంట తయారైంది. కొత్త వస్తువును ముందు వాళ్ళకిచ్చి చూడొచ్చు. తర్వాత వాళ్ళనే పిలిచి ఎలా ఉందని అడగొచ్చు. అసలు మనిషి ఎలా చెబుతాడో, దాదాపు అలాగే చెబుతారు.

మొదటి ఊరుగా సుభాషిణి తన అత్తగారి ఊరినే ఎంచుకుంది. ఆ గడపల్లో తనను కాదనేవాళ్ళు లేరని. ప్రతి గడపలోనూ ఒక మాట కూడా ఇచ్చింది. ఏటా జూన్‌లో వచ్చి మళ్ళీ అడుగుతామని, పాత జంటల్ని చెరిపేస్తామని, ఏడాది దాటి ఎవరినీ యంత్రంలో ఉంచుకోమని.

ఆ మాట ఇచ్చాక నాలుగు జూన్లు వెళ్ళిపోయాయి. నాలుగుసార్లూ ఆమె ‘పని ఒత్తిడి వల్ల వాయిదా’ అని రాసి సంతకం పెట్టింది. ఊరిని అడగడం సుభాషిణి పని, పెట్టె చేయడం ఖలీల్ పని, అంకెలు ప్రిసిల్లా పని. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకపోవడం మర్యాద అనుకున్నారు ముగ్గురూ. అందుకని ఆ కాగితం ఎవరూ తీసి చూడలేదు.

రోజూ మధ్యాహ్నం భోజనాలకు మిగతా ఇద్దరూ కిందికి దిగగానే సుభాషిణి క్యారియర్ పక్కకు నెట్టి, తెర మీద నూట నలభై ఏడో చుక్కను నొక్కేది. ప్రశ్నాపత్రం తీసేది. అందులో లేని ప్రశ్న అడిగితే జంట మనుషులు తికమకపడతారు, అంకెలు పాడవుతాయి. కాబట్టి ఆమె అందులో ఉన్నవే అడిగేది.

“పెట్టె చెప్పింది మీకు స్పష్టంగా వినిపించిందా?”

“వినపడకేవండి మేడంగారూ! పక్కూరిక్కూడా వినపడుంటది. కాకపోతే ఆ గొంతేంటండీ, మరీ పెళ్ళిచూపులకొచ్చినోడిలాగ మర్యాదగా ఉంది. తుఫానొత్తంటే మర్యాదేంటండి?”

“ఇల్లు వదలడానికి మీకు ఎంతసేపు పట్టింది?”

“నాకేం పట్టలేదండి. మా ఆవిడే, స్టవ్ కట్టానా లేదా అని మూడుసార్లు ఎనక్కెళ్ళింది. ఆవిడంతేనండి. ఏవన్నా అంటే రెండ్రోజులు మాటాడదు.”

అతని పేరు వీరభద్రం. పాలమొగ లైన్‌మన్. సుభాషిణి భర్త. మూడున్నరేళ్ళ కింద ఫిబ్రవరిలో ఒక ఉదయం కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, గుండె పట్టుకుని కూలిపోయాడు. రెండు నెలలు తిరక్కుండానే సుభాషిణి ఆ ఇంటికి తాళం వేసి, అత్తగారిని తీసుకుని రాజమహేంద్రవరం వచ్చేసింది. ఆ తర్వాత పాలమొగ పొలిమేర తొక్కలేదు.

యంత్రంలో మాత్రం అతనికి ఏమీ కాలేదు. అడుగుతున్నది ఎవరో తెలియక ‘మేడంగారూ’ అంటాడు, ‘మా ఆవిడ’ గురించి చెప్పి నవ్వుతాడు. ఆ ఆవిడ కూడా అక్కడే, ఆ చుక్కలోనే ఉంది, నాలుగేళ్ళ కిందటి సుభాషిణి. ఆమె మీద ఈ సుభాషిణికి నిజంగానే కుళ్ళుగా ఉండేది. దానికి ఏం తక్కువ, అతని పక్కన కూర్చుని అలగడానికి కూడా తీరిక ఉంది అనుకునేది. ఇరవై రెండు ప్రశ్నలు అయిపోయాక తెర కట్టేసి, చల్లారిన అన్నం తినేది.

ఆ సాయంత్రం ఇంట్లో అత్తగారు సూరమ్మ బెండకాయలు తరుగుతూ అంది, “పాలమొగ ఎల్దామే అమ్మాయ్. మూడేళ్ళు దాటింది. మనుషుల మొకాలు మర్చిపోతన్నాను.”

“పని తెమలడం లేదత్తయ్యా. ఈ పెట్టె అయిపోనివ్వండి.”

“నీ పెట్టె అవదు, నా ప్రయాణం అవదు,” అని సూరమ్మ కత్తిపీట మీది నుంచి లేచింది. కోడలు రోజూ మధ్యాహ్నం తన కొడుకుతో మాట్లాడి వస్తోందని ఆ తల్లికి తెలియదు. చెప్పాలని సుభాషిణికి ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే ఆవిడా మాట్లాడతానంటుంది, అప్పుడు ఇక ఆ జంటను చెరపడం ఎవరి తరమూ కాదని భయపడి ఊరుకునేది.

ఆగస్టులో అసలు పాలమొగలో నలభై ఇళ్ళకు పిలుపు పెట్టెలు బిగించి, ఉత్తుత్తి తుఫానుతో పరీక్ష పెట్టారు. సుభాషిణి వెళ్ళలేదు. ఖలీల్, ప్రిసిల్లా వెళ్ళి మర్నాడు వచ్చారు.

“నాలుగు, మేడం,” అన్నాడు ఖలీల్.

“నాలుగిళ్ళు కదల్లేదా?”

“నాలుగిళ్ళే కదిలాయి.”

“ముందే చెప్పాం కదా, పరీక్ష అని. అయినా లేవలేదా? పెట్టె పనిచేయలేదేమో!”

“బ్రహ్మాండంగా పనిచేసింది. అందరూ దాని చుట్టూ కుర్చీలేసుకుని కూర్చుని విన్నారు. బాగుందన్నారు. ఇంకోసారి చెప్పించమన్నారు.” ఖలీల్ నవ్వబోయి, నవ్వలేకపోయాడు.

నవ్వే సమయం కాదది. జంట ఊరు చెప్పిన తొంభై మూడును నమ్ముకుని, అక్టోబరు నాటికి తీరం వెంట నలభై ఊళ్ళలో ఇంటికొక పెట్టె పెట్టాలని జిల్లా అధికారులు నిర్ణయించేశారు. పెట్టె ఉంది కదా అని ఊళ్ళు ఖాళీ చేయించడానికి పై నుంచి మనుషులు రారు. పెట్టె మాట విని ఇంట్లోవాళ్ళు లేవరు. అప్పుడు నిజంగా గాలి వస్తే ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు.

పెట్టె గొంతు మార్చారు. సైరన్ పెట్టారు. ఎర్ర దీపం తగిలించారు. దేన్ని మార్చినా జంట ఊరు మాత్రం ఎప్పట్లాగే గంటలో ఖాళీ అయిపోయేది. చివరికి ప్రిసిల్లా ఒకరోజు ఎవరినీ అడక్కుండా పెట్టె నోరు నొక్కేసి ప్రయోగం నడిపింది. ఒక్క ఇంటికి తప్ప ఎవరికీ పిలుపు వినపడదు. ఆ ఒక్క ఇల్లు ఏదన్నది ఒక్కోసారి ఒక్కోటి. మూడు వందల పన్నెండు ప్రయోగాలు. యంత్రం నాలుగు రోజులు తిరుగుతూనే ఉంది. అయిదో రోజు పొద్దున్నే వచ్చి కాగితం బల్ల మీద పెట్టింది.

“మనం ఎప్పుడూ చివరి అంకె చూశామే కానీ, అక్కడిదాకా ఎలా వచ్చిందో చూడలేదు మేడం. మూడు వందల పదకొండు ఇళ్ళలో ఎవరికి వినిపించినా పట్టుమని పదిళ్ళు కదల్లేదు. ఒక్క ఇంటికి వినిపిస్తే చాలు, తొంభై రెండు. మనం ఏ పెట్టె పెట్టినా, పెట్టకపోయినా ఒకటే. ఆ ఇంట్లో ఒక మనిషి ఉన్నాడు. వినగానే బండి తీసి వీధి వీధీ తిరుగుతాడు. తలుపులు బాదుతాడు, తిడతాడు, ముసలివాళ్ళను ఎక్కించుకుంటాడు. ఊరిని లేపుతున్నది పెట్టె కాదు, అతను. నూట నలభై ఏడో ఇల్లు. పేరు...” కాగితం తిప్పింది. “యర్రంశెట్టి వీరభద్రం. లైన్‌మన్. ఈయన్ని కలవాలి మేడం. మొన్న ఊళ్ళో ఎందుకు తిరగలేదో అడగాలి.”

ఖలీల్ చేతిలో గ్లాసు కింద పెట్టేశాడు. వీరభద్రం పాడె మోసిన నలుగురిలో అతనొకడు.

“మేడం,” అన్నాడు చాలా మెల్లిగా, “మనం ఊరిని మళ్ళీ అడగలేదా?”

సుభాషిణి లేదన్నట్టు తల ఊపింది. తర్వాత మొత్తం చెప్పింది. నాలుగు సంతకాలు, మధ్యాహ్నాలు, ఇరవై రెండు ప్రశ్నలు. ప్రిసిల్లా నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆమెకు ఇంటిపేరు తెలియదు, మేడం భర్త పోయారని తెలుసు అంతే.

“నా ఒక్కదాని కోసం నలభై ఊళ్ళను నీళ్ళలో ముంచబోయాను,” అంది సుభాషిణి. ఏడుపు రాలేదు. సిగ్గు వచ్చింది. అది ఏడుపు కంటే కష్టంగా ఉంది.

ఖలీల్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. “మీ పని మీదని నేను అడగలేదు. అడగాల్సింది. జూన్‌లో ఏమైంది మేడం అని ఒక్క ముక్క అడిగుంటే ఇంతదాకా రాకపోను. దీంట్లో నా వాటా నాకుంది.” మళ్ళీ తనే అన్నాడు, “ఊరిని చెరిపేద్దాం. ఆ ఒక్క ఇంటి నకలు విడిగా దాచి మీకిస్తాను. ఎవరికీ తెలియదు.”

ఆ మాటకు ఆమె ప్రాణం లేచొచ్చింది. ఔననడానికి ఎంతో సేపు పట్టదు. కానీ మూడు వందల పన్నెండు గడపల్లో నిలబడి ఎవరినీ ఉంచుకోమని చెప్పిన నోరు అది.

“వద్దు ఖలీల్ గారూ. దాస్తే నేనూ అక్కడే ఉండిపోతాను. చెరిపే ముందు ఒక్కటి అడుగుతాను. మీరిద్దరూ ఇక్కడే ఉండండి.”

నూట నలభై ఏడో చుక్క నొక్కింది. ప్రశ్నాపత్రం పక్కన పెట్టేసింది.

“వీరభద్రం గారూ, మీరు ఊళ్ళో లేరనుకోండి. అప్పుడు తుఫాను వస్తే ఎవరు చెబితే జనం లేస్తారు?”

అతను నిజంగానే తికమకపడ్డాడు. తర్వాత నవ్వాడు.

“నన్నడుగుతారేంటండీ? నన్నడిగితే నాకన్నా మొనగాడు లేడంటాను. అదీ ఓ సమాధానవేనా? ఊరినడగండి. నేను లేకపోతే ఊరు పడుకునుంటదా ఏంటి, ఎవరో ఒకరు లెగుత్తారు. ఆళ్ళెవరో నాకేం తెలుత్తదండి.”

“సరేనండి,” అంది సుభాషిణి. “చాలా థాంక్స్.”

“దానికేవుంది మేడంగారూ. ఉంటాను మరి. మా ఆవిడ అన్నానికి పిలుత్తంది.”

ఆమె చెరిపింది. తానే చెరిపింది. గోడ మీద చుక్కలన్నీ ఒక్కసారే పోయి, తెర తెల్లగా మిగిలింది. ప్రిసిల్లా వెనక నుంచి వచ్చి మేడం భుజాలు పట్టుకుంది. ఇక అప్పుడు వచ్చింది ఏడుపు.

అధికారులకు ఆమె స్వయంగా వెళ్ళి తొంభై మూడు తప్పని, ఆ తప్పు తనదని చెప్పింది. వాళ్ళు పెట్టాల్సిన చీవాట్లన్నీ పెట్టి, అక్టోబరు దాకా గడువిచ్చారు. ఆ సాయంత్రమే అత్తగారికీ అంతా చెప్పింది.

“బానే మాటాడేవోడా?” అంది సూరమ్మ.

“బాగానే మాట్లాడేవారత్తయ్యా. నా మీద చాడీలు చెప్పేవారు.”

ముసలావిడ ఏడుస్తూనే నవ్వింది. “రేపు నన్ను పాలమొగ తీసుకెళ్ళు,” అంది. ఈసారి అడగలేదు, చెప్పింది.

ఈసారి జట్టులో ముగ్గురూ ఊళ్ళోకి ప్రశ్నాపత్రం పట్టుకెళ్ళలేదు. ప్రతి గడపలో ఒకే ఒక్క ప్రశ్న. గాలివాన వస్తుందని ఎవరు చెబితే మీరు లేస్తారు? సగం ఇళ్ళలో జవాబు ‘వీరభద్రం ఉంటేనా...’ అని మొదలయ్యేది. మూడున్నరేళ్ళు ఏ మాటలకు భయపడి సుభాషిణి ఈ ఊరికి రాలేదో, ఆ మాటలే వీధి వీధీ ఎదురొచ్చాయి. విన్నాక ఆమెకు తెలిసింది, అవి తనకు కావలసిన మాటలేనని. యంత్రంలో ఉన్న అతని గురించి తనొక్కతే మాట్లాడేది. ఇక్కడ ఊరంతా మాట్లాడుతోంది.

మొత్తం మీద తొమ్మిది పేర్లు తేలాయి. అందులో సర్పంచి లేడు, పెద్దమనుషులు లేరు. పాలు పోయించుకునే నాగమణి ఉంది, చర్చి వీధి టైలర్ ఏసుబాబు ఉన్నాడు, వలల కొట్టు దుర్గారావు ఉన్నాడు. చివరి ఇంట్లో కొండబాబు అనే ఎనభై ఏళ్ళ మొండి మనిషి, మూడు తుఫానులకు ఇల్లు కదలనివాడు, సుభాషిణిని ఎగాదిగా చూశాడు.

“నువ్వొచ్చి చెప్పు, లెగుత్తాను,” అన్నాడు.

“నేను ఈ ఊళ్ళో ఉండటం లేదు కదా బాబాయ్.”

“అందుకేనే. పన్గట్టుకుని వచ్చావంటే నిజంగా వచ్చేదుంటేనే వత్తావు.”

సుభాషిణి నవ్వి ఊరుకోబోయింది. ప్రిసిల్లా ఊరుకోలేదు. “అదీ సమాధానమే మేడం,” అని పదో పేరు రాసుకుంది.

గోడ పెట్టెలన్నీ పీకేశారు. ఖలీల్ జేబులో పట్టే పలక ఒకటి చేశాడు. అది పెద్దగా మాట్లాడదు. ఆ పదిమంది చేతిలోనే ఉంటుంది, ఇంకా కదలని ఇళ్ళను మాత్రం చుక్కలుగా చూపిస్తుంది. మొదటి పరీక్షలో వందకు ముప్ఫై ఒక్క ఇళ్ళు కదిలాయి. నాగమణి మొహం చిట్లించింది.

“మనుషులెక్కడికెళ్ళాలో చెబుతున్నారు సరే, గేదెలెక్కడికెళ్ళాలండీ? దాన్నొగ్గేసి ఎవరొత్తారు?”

ఖలీల్ పలకలో గేదెలకు మెట్ట మీద చోటు చేర్చాడు. యాభై ఎనిమిది. ఏసుబాబు ఇంకేదో చెప్పాడు, దాన్నీ పెట్టారు. ఒకటి పెట్టి తీసేశారు. మూడోసారి ఎనభై ఒకటి. తొంభై మూడు మళ్ళీ రాలేదు. కానీ ఈ ఎనభై ఒకటిలో ప్రతి ఇల్లూ నిజం ఇల్లే. మిగతా ఊళ్ళకు పెట్టెలు పంపడం మాని, అదే ప్రశ్న పంపించారు.

అక్టోబరు మూడో వారంలో తుఫాను వచ్చింది. పొద్దున తొమ్మిదికి పలకలు వణికాయి. ముందురోజే పాలమొగ చేరిన సుభాషిణి చీర కుచ్చిళ్ళు దోపుకుని వీధిలోకి నడిచింది. అప్పటికే నాగమణి గొంతు పాలకేంద్రం దగ్గర ఖంగుమంటోంది. దుర్గారావు ఎవరినో భుజాన వేసుకుని పోతున్నాడు. బళ్ళు, గేదెలు, మూటలు, చంకల్లో కోళ్ళు, అన్నీ మెట్ట మీది బడివైపు కదులుతున్నాయి. సూరమ్మ అప్పటికే బడి వరండాలో పిల్లలను లెక్కపెడుతోంది.

పన్నెండున్నరకు గాలి మొదలైంది. పలకలో ఒక్క చుక్క మిగిలింది. చివరి ఇల్లు.

సుభాషిణి తలుపు తట్టింది. కొట్టింది. ఆఖరికి బాదింది.

“ఎవరే?” అన్నాడు కొండబాబు లోపల్నించి.

“నేనే బాబాయ్, సుభాషిణిని. లెగండి!”

“అంత గట్టిగా వత్తందా?”

“వస్తోంది. మీరు లేచేదాకా నేనూ ఇక్కడి నుంచి కదలను. నేను పోతే మా అత్తయ్యకు ఇంకెవరూ లేరు. ఆ పాపం మీకే చుట్టుకుంటుంది. మీ ఇష్టం.”

ఆ తిట్టే పద్ధతి తనకెక్కడిదో ఆమెకు తెలుసు. లోపల మంచం కిర్రుమంది. గడియ తీసిన చప్పుడైంది. ముసలాయన తలకు తువ్వాలు చుట్టుకుని, సణుక్కుంటూ గడప దాటాడు. ఆమె చెయ్యి అందించింది, పట్టుకున్నాడు.

వాన అడ్డంగా కొడుతోంది. బడి మెట్లెక్కుతుండగా కొండబాబు ఆగి, వెనక్కి తిరిగి ఊరిని చూశాడు.

“అందరూ వచ్చేసినట్టేనా? ఎనకెవరూ ఉండిపోలేదు గదా?”

సుభాషిణి పలక తుడిచి చూసింది. ఒక్క చుక్కా లేదు.

“లేరు బాబాయ్,” అంది. “ఎవరూ లేరు. పదండి లోపలికి.”